గాయములు, కీర్తి: కర్నల్ సి. కె. నాయుడు

బందరు పేరు విన్నంతనే కృష్ణా మండలమువారికి కలంకారీ అద్దకములు జ్ఞాపకము వచ్చును, లడ్డూలు జ్ఞాపకము వచ్చును, ఉప్పెనలు జ్ఞాపకము వచ్చును. క్రికెట్టు ఆట జ్ఞాపకము వచ్చువారు అరుదు. అయినను భారతదేశపు టెస్టు జట్టును మొట్టమొదట మైదానమునకు నడిపించిన కర్నల్ సి. కె. నాయుడుగారి పూర్వులు ఆ బందరువారేయని పెద్దలు చెప్పుకొనుచుందురు. ఆయన పుట్టినది నాగపూరులో, 1895 అక్టోబరు 31వ తేదీన. జీవితములో అధికభాగము గడపినది, 1967 నవంబరు 14న కన్ను మూసినది ఇండోరులో. కుటుంబము తెలుగు కుటుంబము. కనకయ్య నాయుడు అన్న పేరు చెవిని పడినంతనే మనవాడని తెలిసిపోవును. అందుచేత చల్లపల్లి మొదలు అవనిగడ్డ వరకు, తాటిమట్టను బ్యాటుగా చెక్కుకొని ఆడుకొన్న పిల్లలకు కూడ నాయుడుగారిని గూర్చి ఒకటి రెండు కథలు చెప్పు పెద్దలు దొరకుచుండెడివారు.

ఆ కథలు సాధారణముగా రెండే. ఒకటి సిక్సరుల కథ. రెండవది పండ్ల కథ. బంతి వచ్చి నోటికి తగిలి రెండు పండ్లు ఊడి క్రిందపడగా, ఆయన వానిని బ్యాటుతో ప్రక్కకు నెట్టి, మరల ఆటకు సిద్ధముగా నిలిచినారన్నది ఆ రెండవ కథ. సిక్సరుల కథ విని పిల్లలు నవ్వుదురు. పండ్ల కథ విని నోరు మూసికొందురు. మోకాలికి బంతి తగిలి ఏడ్చుచున్న పిల్లవానికి చెప్పునది ఈ రెండవదే.

ఆ దెబ్బలకు, ఆయన ఆటకు, ఆయన పేరు నిలిచిన తీరుకు నడుమ ఉన్న సంబంధమును కొంచెము నిదానముగా పరిశీలింపవలెనని మా ఉద్దేశము. ఇది పైకి కనిపించినంత సులువైన సంబంధము కాదు.

ముందుగా లెక్కలు చూతము. నాయుడుగారు ఆడిన టెస్టు ఆటలు 7. చేసిన పరుగులు 350. సగటు 25. శతకము ఒక్కటియు లేదు, అర్ధశతకములు రెండు. పడగొట్టిన వికెట్లు 9. ఈ అంకెలు మాత్రమే చూచినవాడు ఈయనను గూర్చి ఒక పుట వ్రాయుటకు కూడ సందేహించును. కాని ఫస్టుక్లాసు ఆటలన్నియు కలిపి చూచినచో ఆయన పరుగులు 11,825, శతకములు 26, వికెట్లు 411. 1916లో మొదలైన ఆట 1963-64 వరకు సాగినది. ఈ రెండు లెక్కలకు నడుమ ఉన్న అగాధమునకు కారణము గాయములు కావు. కాలము. 1932లో మన దేశము మొదటి టెస్టు ఆడునప్పటికి ఆయన వయస్సు 36 దాటినది. ఇతర దేశములలో ఆటగాండ్రు బ్యాటు కట్టిపెట్టుటను గూర్చి ఆలోచించు వయస్సున ఆయనకు టెస్టు ఆట మొదలైనది. ఒక గొప్ప ఆటగాని నిండు యౌవనమంతయు లెక్కకు రాకుండ పోయినది.

ఆ లెక్కకురాని యౌవనము ఎట్టిదో చెప్పక తప్పదు. 1916లో బొంబాయి పోటీలలో హిందువుల జట్టు పక్షమున, ఐరోపావారిపై ఆయన తొలి ఆట. జట్టు కష్టములో ఉండగా దిగువ వరుసలో వచ్చి, మొదటి మూడు బంతులను ఆపి, నాల్గవ బంతిని సిక్సరుగా కొట్టినారు. 1923లో ఇండోరు ప్రభువు తుకోజీరావు హోల్కర్ ఆయనను తన సంస్థానమునకు రప్పించుకొని సైన్యములో పదవి ఇచ్చినారు; 'కర్నల్' అన్న మాట ఆ కొలువు వలన వచ్చినదే. 1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానములో ఆయన చేసిన 153 పరుగులలో 11 సిక్సరులు కలవు. అనగా 66 పరుగులు గాలిలోనే వచ్చినవి. ఆ ఆట చూచిన పిదప ఈ దేశమువారికి టెస్టు హోదా ఇవ్వవచ్చునను మాట బలపడినది. 1928లో మన క్రికెట్టు బోర్డు ఏర్పడినది.

ఇక గాయములు. మొదటి గాయము నాయుడుగారిది కాదు, మరియొకరిది. ఈ విషయమును పండ్ల కథ చెప్పువారు చెప్పరు.

1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు ఘనశ్యామసింహజీ. సంస్థానాధీశుని క్రింద తప్ప మరియొకరి క్రింద జట్టు నడవదను భావము ఆనాడు బలముగా ఉండెడిది. పోరుబందరు మహారాజు తన ఆట ఎంతటిదో ఎరిగిన మర్యాదస్థుడు. టెస్టు నుండి తానే తప్పుకొన్నాడు. అప్పుడు నాయకత్వము లింబ్డీవారికి రావలెను. టెస్టునకు ముందటి ఆటలో ఆయన శతకము కొట్టినాడు కాని, ఆ ఆటలోనే నడుమునకు దెబ్బ తగిలి టెస్టునకు దూరమైనాడు. ఆ విధముగా 1932 జూన్ 25న లార్డ్స్ మైదానములో డగ్లస్ జార్డైన్‌తో పాటు నాణెము ఎగురవేయుటకు నాయుడుగారు వెళ్లవలసివచ్చినది. భారతదేశపు మొదటి టెస్టు నాయకుడు అన్న బిరుదు, నాయుడుగారికి ఎంత అర్హత ఉన్నను, ఒక రాజకుమారుని నడుము నొప్పి తెచ్చి ఇచ్చినదే. రాజకుమారునికి ఆ దెబ్బ తగులకున్నచో మొదటి నాయకుని పేరు వేరుగా ఉండెడిది. చరిత్రలో ఇట్టివి చూచినప్పుడు మాకు నవ్వును వచ్చును, భయమును వేయును.

రెండవ గాయము ఆ ఆటలోనిదే. ఇంగ్లండు ఆరంభమున 19 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకొనగా లార్డ్స్ నివ్వెరపోయినది. నిస్సార్ వేగమునకు సట్‌క్లిఫ్, హోమ్స్ ఇద్దరును పడిపోయినారు. లాల్ సింగ్ విసరిన బంతికి ఊలీ రనౌటు అయినాడు. నాయకుడు జార్డైన్, వికెట్టు కీపరు ఏమ్స్ నిలబడిన పిదప వారి జట్టు 259 వరకు చేరినది. అంతలో ఒక క్యాచ్ పట్టబోయిన నాయుడుగారి చేతికి బాధాకరమైన దెబ్బ తగిలినది. ఇద్దరు ఆటగాండ్రకు, నజీర్ అలీ, పాలియాలకు, కాలి కండరములు పట్టివేసినవి. ఆ దెబ్బతిన్న చేతితోనే ఆయన మన తొలి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసినారు. మొత్తము 189లో అవే హెచ్చు. ఆట 158 పరుగుల తేడాతో ఓడిపోయినది. కాని ఆ పర్యటన అంతయు చూచినచో ఆయన 1,618 ఫస్టుక్లాసు పరుగులు చేసి, 65 వికెట్లు తీసినారు; 32 సిక్సరులు కొట్టినారు. ఎడ్జ్‌బాస్టన్‌లో ఒక బంతి 'రీ' అను చిన్న నదిని దాటి అవతల పడినది. ఆ నది రెండు మండలములకు సరిహద్దట. అనగా వార్విక్‌షైరులో కొట్టిన బంతి వూస్టర్‌షైరులో పడినదన్నమాట. మన వైపు చెప్పవలెనన్న, పులిగడ్డ రేవులో కొట్టిన బంతి కృష్ణ దాటి బాపట్ల జిల్లా చేలలో పడినదనుట వంటిది. నది మాత్రము చిన్నది. మరుసటి సంవత్సరము 'విజ్డెన్' గ్రంథము ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాండ్రలో ఆయనను ఒకనిగా ఎన్నుకొన్నది.

ఆనాటి ఆటగాని శరీరమునకు ఉన్న రక్షణ ఎంత? కాళ్లకు ప్యాడ్లు, చేతులకు పలుచని తొడుగులు, మిగిలిన శరీరమునకు చొక్కా. తలకు టోపి, అది ఎండకే కాని బంతికి కాదు. నేడు మనము చూచు శిరస్త్రాణము 1977-78 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. బంతి బరువు రమారమి 160 గ్రాములు. అయిదుముప్పావు ఔన్సులు దాటని తోలుముద్ద. కాని వేగముగా వచ్చినప్పుడు అది రాయి. మన దేశములో అప్పటి పిచ్చులు తరచుగా చాపలు పరచినవి. బంతి వానిపై అనుకోని ఎత్తునకు లేచుచుండెడిది.

1932-33లో జార్డైన్ తన జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లి, ఎదుటివాని శరీరమునకు గురిపెట్టి బంతులు వేయించు పద్ధతిని అవలంబించినాడు. అడిలైడులో ఓల్డ్‌ఫీల్డ్ కపాలము చిట్లినది. రెండు దేశముల నడుమ తంతి సమాచారములు, నిరసనలు సాగినవి. విచిత్రమేమనగా, ఆ బంతులు వేసిన లార్వుడ్ కూడ ఆ పర్యటన చివరి టెస్టులో పాదపు ఎముకలు దెబ్బతిని కుంటుచు బయటకు వచ్చి, మరల ఇంగ్లండు పక్షమున టెస్టు ఆడలేదు. దెబ్బ కొట్టినవానిని కూడ దెబ్బ విడిచిపెట్టలేదు.

అదే జార్డైన్ 1933-34లో మన దేశమునకు జట్టును తెచ్చినాడు. లార్వుడ్ రాలేదు కాని క్లార్క్, నికోల్స్ వచ్చినారు. నాయుడుగారు మూడు టెస్టులకును నాయకుడు. బొంబాయిలో లాలా అమర్‌నాథ్ 118 పరుగులతో మన తొలి టెస్టు శతకము చేసినప్పుడు, ఎదుటి వైపున 67 పరుగులతో నిలిచినది నాయుడుగారే. కలకత్తాలో వికెట్టు కీపరు దిలావర్ హుస్సేన్‌కు నికోల్స్ బంతి తల వెనుక తగిలినది. ఆయన బయటకు వెళ్లి, తలకు కట్టుతో తిరిగి వచ్చి 59 పరుగులు చేసినాడు. రెండవ ఇన్నింగ్సులో 57. అది ఆయన మొదటి టెస్టు. మద్రాసులో, 1934 ఫిబ్రవరిలో, కరాచీవాడైన నవోమల్ జయోమల్‌కు క్లార్క్ బంతి కంటిపై తగిలినది. ఆయన 5 పరుగులకే విరమించి, రెండవ ఇన్నింగ్సులో ఆడలేకపోయినాడు. మరల టెస్టు ఆడలేదు.

ఒకే పర్యటన, ఒకే విధమైన బంతి, రెండు తలలు. ఒకరికి కట్టుతో సహా కీర్తి, మరొకరికి మరుపు. లార్డ్స్‌లో భారతదేశపు మొట్టమొదటి బంతిని ఎదుర్కొనుటకు దిగిన జంటలో నవోమల్ ఒకడన్న సంగతి ఎందరికి తెలియును? ధైర్యములో తేడా ఉన్నదని చెప్పుటకు మాకు ఏ ఆధారమును కనిపించలేదు. బంతి రెండంగుళములు అటో ఇటో తగులుటలో తేడా ఉన్నది. గాయము నుండి లేచి వచ్చినవాని కథ మనము చెప్పుకొందుము. లేవలేకపోయినవాని కథ స్కోరు పట్టికలో ఒక చిన్న గుర్తుగా మిగిలిపోవును.

1936 పర్యటనకు నాయకుడు విజయనగర మహారాజకుమారుడు. 'విజ్జీ' అని లోకము పిలిచినది. తరువాతి కాలమున రేడియో వ్యాఖ్యాతగా ఆయన గొంతు ఎరిగినవారు అనేకులు. ఇరువురును తెలుగుదేశపు పేర్లు మోసినవారే, ఇరువురికిని పొసగలేదు. మూడవ టెస్టులో బకా జిలానీకి చోటు దొరకుటకు కారణము, ఉదయము అల్పాహారపు బల్లవద్ద అతడు నాయుడుగారిని అవమానించుటయేయని ఆట చరిత్రకారులు చెప్పుదురు. ఇట్టి గాయములకు వైద్యులు కట్లు కట్టరు, పత్రికలు కథలు వ్రాయవు.

ఆ టెస్టు ఓవల్ మైదానములో ఆగస్టు 15న మొదలైనది. హామండ్ 217 పరుగులు చేసినాడు. మనవారు వెనుకబడి రెండవసారి ఆడవలసివచ్చినది. గబ్బీ అలెన్ వేసిన బంతి నాయుడుగారి శరీరమునకు గట్టిగా తగిలినది, ఆయన తూలినారు. అప్పటికి ఆయనకు 40 ఏండ్లు నిండినవి. ఆ దెబ్బతో 81 పరుగులు చేసినారు. టెస్టులలో అదే ఆయన హెచ్చు స్కోరు, అదే చివరి ఇన్నింగ్సు. ఆట 9 వికెట్లతో ఓడిపోయినది.

కనుక ఏడు టెస్టులలో మొదటిదియు, చివరిదియు నొప్పితోనే ఆడినారు. నొప్పి లేకున్న ఇంకను ఎన్ని పరుగులు చేసెడివారో ఊహింపబూనుట వ్యర్థము. కాని మేము ఒక విషయము గమనించినాము. ఆయన టెస్టు జీవితములో గర్వముగా చెప్పుకొనదగిన విజయము లేదు. జట్టు ఒక్క టెస్టు గెలువలేదు. గెలుపు లేనిచోట జనము ఓర్పును చెప్పుకొన్నారు. ఓడిపోయిన ఆటలో చేసిన 40 పరుగులు మరచిపోదగినవే. దెబ్బతిన్న చేతితో చేసిన 40 మరపునకు రావు. పరాయి పాలనలో ఉన్న దేశమునకు, ఆ పాలకుల ఆటలో, వారి మైదానమున, వారి బంతికి తలవంచని దేహమొకటి కావలసివచ్చినది. నాయుడుగారి ఆరడుగుల దేహము అందుకు అక్కరకు వచ్చినది.

పండ్ల కథ 1951-52 రంజీ ట్రోఫీ చివరి ఆటలోనిది. బొంబాయి బ్రాబోర్న్ మైదానములో హోల్కర్ జట్టునకు, బొంబాయికి పోటీ. వేసినవాడు దత్తు ఫడ్కర్, అప్పటి టెస్టు బౌలరు. బంతి నోటికి తగిలి రెండు పండ్లు పోయినవి. వైద్యసహాయము వలదని ఆయన ఆట కొనసాగించినారు. తరువాతి బంతులను ఫడ్కర్ మెల్లగా వేయగా, నీ వేగమును తగ్గింపవలదని ఆయన గద్దించినారనియు చెప్పుదురు. అప్పటికి ఆయన వయస్సు 56. మన పల్లెలలో ఆ వయస్సువాడు మనుమనిని చంకనెత్తుకొని చేని గట్టున నిలబడి కూలీలకు పని చెప్పుచుండును.

అదే 1951లో అమెరికాలో, అక్కడివారి జాతీయ క్రీడ అయిన బేస్‌బాల్‌లో, మరొక గాయము జరిగినది. అక్టోబరు 5న న్యూయార్కు యాంకీ స్టేడియములో, మికీ మాంటల్ అను 19 ఏండ్ల కుఱ్ఱవాడు బంతికై పరుగెత్తుచు నీరు పోవు తూము మూతలో కాలు చిక్కుకొని పడిపోయినాడు. కుడి మోకాలు చెడినది. ఆ మోకాలితోనే 1968 వరకు ఆడి 536 హోమ్‌రన్నులు కొట్టినాడు. హోమ్‌రన్ను అనగా మన సిక్సరు వంటిదే, బంతి మైదానము దాటుట. అంతటి ఘనత సాధించినను, ఆ దేశమువారు ఆయనను తలచినప్పుడెల్ల, మోకాలు బాగున్నచో ఇంకెంత చేసెడివాడో అని నిట్టూర్తురు. మాంటల్ విషయమున గాయము ఒక తీసివేత. నాయుడుగారి విషయమున అది కూడిక. ఒకనికి గాయము వలన ఏమి పోయినదో లెక్కింతురు. మరొకనికి ఎంత భరించినాడో లెక్కింతురు. ఇందుకు కారణము వారి వారి దేహములలో కంటె, వారిని తలచుకొను ప్రజల అవసరములో ఉన్నదని మా అభిప్రాయము.

అయితే పండ్ల కథ ఒక విషయమును కప్పివేయుచున్నది. నాయుడుగారు దెబ్బలను లెక్కచేయలేదను మాట నిజమే. కాని దేహమును లెక్కచేయలేదనుట అబద్ధము. దేహమును ఆయన కాపాడుకొన్నంత శ్రద్ధగా ఆ కాలపు ఆటగాండ్రలో కాపాడుకొన్నవారు తక్కువ. 1945-46 రంజీ చివరి ఆటలో బరోడాపై 200 పరుగులు చేసినప్పుడు ఆయనకు 50 ఏండ్లు. హోల్కర్ జట్టు ఆ సంవత్సరము, 1947-48, 1950-51, 1952-53లలో, మొత్తము నాలుగు మార్లు ట్రోఫీ గెలుచుకొన్నది. ఆ జట్టులో ఆయన నెలకొల్పిన కఠిన క్రమశిక్షణను గూర్చి ఆడినవారందరును చెప్పినారు. 1956-57లో, 61 ఏండ్లు నిండిన పిదప, ఉత్తరప్రదేశ్ జట్టు నాయకుడుగా రాజస్థాన్‌పై 84 పరుగులు చేసినారు. 1963-64లో రక్షణనిధికై ఏర్పాటైన ఆటలో చివరిసారి దిగినప్పుడు 68. ఒక్క దెబ్బ భరించుటకు ఒక్క నిమిషపు ధైర్యము చాలును. నలుబది ఏడు సంవత్సరములు ఆడుటకు ప్రతి దినము తిండిలో, నిద్రలో, సాధనలో ఒక నియమము కావలెను. 1941లో ఒక లివర్ టానిక్ కంపెనీవారు తమ మందును అమ్ముకొనుటకు ఆయన పేరు వాడుకొన్నారు. మన ఆటగాండ్రలో ప్రకటనలకెక్కిన మొదటివాడు ఆయనేయని చెప్పుదురు. ఆ మందు పని చేసినదో లేదో కాని, ఆరోగ్యమునకు గుర్తుగా జనము ఆయన పేరునే నమ్మిరనుటకు ఇది చాలును.

మనవారు మరువదగని మరొక సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఆ 1953-54 సంవత్సరముననే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగినది. దానికి నాయకుడు నాయుడుగారు. అప్పటికి 58 ఏండ్లు. పండ్లు ఊడి రెండేండ్లు కూడ నిండలేదు. భారతదేశమునకును, ఆంధ్రమునకును మొదటి నాయకుడొక్కడే అయినాడు. 1956లో ఆయనకు పద్మభూషణ్ వచ్చినది.

ఈ వారసత్వమునకు వెల లేకపోలేదు. దెబ్బను లెక్కచేయరాదను భావము మన ఆటలో ఒక నీతిగా స్థిరపడినది. 1962 మార్చిలో బార్బడోసులో గ్రిఫిత్ బంతి తగిలి మన నాయకుడు నారీ కంట్రాక్టర్ కపాలము పగిలినది. ప్రాణము దక్కుటయే గగనమైనది. రక్తమిచ్చినవారిలో ఎదుటి జట్టు నాయకుడు ఫ్రాంక్ వారెల్ ఒకడు. కంట్రాక్టర్ వయస్సు 28. తరువాత దేశవాళీ ఆటలు ఆడినాడు కాని టెస్టు మరల ఆడలేదు. ఆయన స్థానమున నాయకుడైనది 21 ఏండ్ల పటౌడీ నవాబు. అంతకు ముందు సంవత్సరమే, 1961 జూలైలో, ఇంగ్లండులో జరిగిన కారు ప్రమాదములో అతని కుడికంటి చూపు పోయినది. ఒకరి గాయము మరొకరిని నాయకుని చేయుట మనకు లార్డ్స్ నాటి నుండి వచ్చుచున్న ఆచారము కాబోలు. ఒంటికంటి చూపుతో పటౌడీ ఆడిన ఆటను జనము పొగడినారు; ఆ పొగడ్త న్యాయమే. కాని రెండు కన్నులున్నప్పటి పటౌడీని టెస్టులలో ఎవరును చూడలేదు.

2014 నవంబరులో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్ మెడకు బంతి తగిలి రెండు దినములకు మరణించినాడు. 2019 నుండి తలకు దెబ్బ తగిలినవానికి బదులుగా మరొకనిని ఆడించు నిబంధన వచ్చినది. ఈనాటి నిబంధనలలో దిలావర్ హుస్సేన్ తలకట్టుతో తిరిగి వచ్చునా? వైద్యుడు పరీక్షించి, అనుమానమున్నచో పంపడు. అది పిరికితనమని మేము అనుకొనము.

అయినను మన తెలుగు ఆటగాండ్ర వద్దకు వచ్చునప్పటికి ఆ పాత కథ మరల మరల వినిపించుచునే ఉన్నది. 2010 అక్టోబరులో మొహాలీలో, నడుము పట్టివేసి వంగలేకపోవుచున్న హైదరాబాదు లక్ష్మణ్, పరుగుకు రైనాను పెట్టుకొని, చివరి వరుసవారి తోడుతో ఆస్ట్రేలియాపై 73 పరుగులు చేసి నిలిచి, ఒక్క వికెట్టుతో ఆటను గెలిపించినాడు. ఎప్పుడును గొంతెత్తని ఆ మనిషి ఆనాడు మైదానములో అరచుట చూచి దేశమంతయు ఆశ్చర్యపడినది.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి సంగతి ఇంకను దగ్గరిది. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ వెనుక కండరము తెగినది. పరుగెత్తలేడు. ఆశ్విన్‌కు నడుము నొప్పి. ఇద్దరును కదలక నిలిచి ఆటను దక్కించినారు. విహారి 161 బంతులు ఎదుర్కొని చేసినవి 23 పరుగులే. ఆ 23 పరుగులకు వచ్చిన పేరు కొందరి శతకములకు రాలేదు. కాని ఆ తొడ మానునంతవరకు తరువాతి టెస్టులకు అతడు దూరము కాక తప్పలేదు. కీర్తియు నష్టమును ఒకే దినమున, ఒకే కండరము నుండి వచ్చినవి.

రెండేండ్లకు, 2023 జనవరి 31న, ఆంధ్ర జట్టు రంజీ క్వార్టర్ ఫైనల్ ఆడుటకు ఇండోరు వెళ్లినది. మైదానము పేరు హోల్కర్ స్టేడియము. ఎదుటివారు మధ్యప్రదేశ్ జట్టు, అనగా నాయుడుగారి హోల్కర్ జట్టుకు వారసులు. ఆంధ్రమునకు నాయకుడు విహారి, నాయుడుగారు మొదట కూర్చున్న పీఠమున ఉన్నవాడు. ఆవేశ్ ఖాన్ వేసిన ఎత్తు బంతి తగిలి అతని ఎడమ మణికట్టు విరిగినది. 16 పరుగుల వద్ద బయటకు వెళ్లినాడు. మరునాడు చివరివాడుగా తిరిగి వచ్చినాడు. కుడిచేతి ఆటగాడు ఎడమచేతివాని వలె నిలిచినాడు. ఎడమచేతివాని వలె నిలిచినచో బంతి వైపునకు కుడిచేయి వచ్చును, విరిగిన మణికట్టు వెనుక దాగును. సొంత జట్టు వైద్యులు వలదన్నను వినక, దాదాపు ఒంటిచేత్తో బ్యాటు తిప్పినాడనుకొను పాఠకులు ఉండవచ్చును. ఎవరేమి చెప్పిరో మాకు అక్కరలేదు, అతడు దిగినాడన్నది చాలును. తన స్కోరును 27 వరకు తెచ్చినాడు. జట్టు 379 చేసినది. రికీ భుయి 149, కరణ్ షిండే 110.

రెండవ ఇన్నింగ్సులో ఆంధ్ర 93 పరుగులకే కుప్పకూలినది. విహారి మరల దిగి, మరల ఎడమచేతివాని వలె నిలిచి, ఒంటిచేతితో 15 పరుగులు చేసినాడు. మధ్యప్రదేశ్ 5 వికెట్లతో గెలిచినది.